మాది వరస, రక్తం కాదు

నా కూతురు చదివిన చదువుకు బళ్లారి పక్క మా ఊరు హచ్చొళ్ళిలో పేరు లేదు. ఇంజనీరంటే తెలుసు, నర్సంటే తెలుసు, లాయరంటే తెలుసు. బయోమెడికల్ సైన్స్ అనే మాటను మా తమ్ముడు ఆ పిల్ల చేత రెండుసార్లు పలికించుకుని, కాఫీ గ్లాసు కింద పెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"అంటే డాక్టరు కాదు."

"కాదు మామా."

"నర్సూ కాదు."

"కాదు."

"మందులంగడి?"

"అది వేరే చదువు మామా. జబ్బు ఎట్ల పుడతాదో, యాడ పుడతాదో చదివేది మాది."

"వచ్చినాక పోగొట్టేటోడు కావాల గానీ, అది యాడ పుట్టింది, దాని జాతకమేంది, మనకెందుకు పాపా?"

అక్కడున్న అందరం నవ్వాము. నేనూ నవ్వాను.

ఐదేళ్ల చదువు. మూడేళ్లు బీఎస్సీ, రెండేళ్లు ఎమ్మెస్సీ, దూరపు ఊళ్లో ఉన్న యూనివర్సిటీలో. సెలవులకు వస్తే నా వెంటబడి చెప్పేది. నేను పప్పు ఎనుపుతుంటే చెప్పేది, బట్టలు ఆరేస్తుంటే చెప్పేది. ఒకసారి రక్తంలోంచి తెల్లటి పోగులాంటిది వేరుచేసి గాజు గొట్టంలో చూపించారట.

"తడిసిన దూదిపోగు మాదిరి ఉండాదమ్మా, అంతే. దాంట్లోనే అంతా రాసుంటాది. ముక్కు, రంగు, పొడుగు. కొన్ని జబ్బులు కూడా."

"దేవుడు నుదుట రాస్తాడంటారు కదే."

"నుదుట స్థలం చాల్లేదేమో, దూదిలో రాసినాడు."

ఎమ్మెస్సీకి వచ్చేసరికి ఆ హుషారు తగ్గింది. బీఎస్సీతో ఆపేసిన తోటి పిల్లలు ఏమవుతున్నారని అడిగేదాన్ని. ఒకమ్మాయి రక్తపరీక్షల కంపెనీలో మిషను ముందు కూర్చుంది. ఒకబ్బాయి అవే మిషన్లను ఆసుపత్రులకు అమ్ముతూ బైకు మీద తిరుగుతున్నాడు. ఒకామె కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే చోట కాగితాలు నింపుతోంది. వీళ్లకంటే ముందు చదివిన ఒకతను పరిశోధన చేస్తానని యూనివర్సిటీలోనే ఉండిపోయి, తల నెరుస్తున్నా ఇంకా విద్యార్థే. అందరికీ ఏదో ఒక తెరువు దొరికింది. కానీ మా పిల్ల ఫలానా అని ఒక్క మాటలో చెప్పుకునే వీలు ఎవరి ఇంట్లోనూ లేదు.

నా కూతురు జన్యు సలహా అనే దారి పట్టింది. కుటుంబాల్లో దిగి వచ్చే జబ్బుల గురించి ఆ ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పే పని.

"చెప్పేదానికి ఎవరైనా జీతమిస్తారా?" అన్నాను.

"చెప్పేదే కష్టమమ్మా," అంది.

అప్పుడు నాకు ఆ మాట పట్టలేదు.

ఆమె ఎమ్మెస్సీ రెండో ఏడులో ఉండగానే మా తమ్ముడి కొడుక్కు మా చెల్లెలి కూతురిని చేసుకుందామని పెద్దవాళ్లు మాట అనుకున్నారు. తోడబుట్టినవాళ్లం మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని, తర్వాత తమ్ముడు, ఆఖరిది చెల్లెలు. పిల్లవాడు లారీలు తిప్పుతాడు. పిల్ల సిరుగుప్పలో డిగ్రీ ముగించింది. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్లు, ఇద్దరికీ ఇష్టమే. అందరికంటే ముందు సంతోషపడింది నేనే.

ఆ సెలవుల్లోనే నా కూతురు ప్రశ్నల కాగితాల కట్టతో వచ్చింది. పల్లెల్లో చిన్నతనంలోనే పోయిన పిల్లల గురించి, ఆ ఇళ్లలో జరిగిన పెళ్లిళ్ల గురించి అడిగి రాసుకుని యూనివర్సిటీకి ఇవ్వాలి. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి తయారు చేసి బళ్లారి కౌల్ బజారులో జెరాక్సు తీయించింది. తెలుగుది నా చేతికిచ్చి, తప్పులుంటే చెప్పమంది.

నాకు అక్షరాలు నలభై ఆరేళ్లకు వచ్చాయి. మా పొలం పక్కన కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి చేసుకునేవాళ్ల ఊరు ఒకటుంది. అలాంటి ఊళ్లను మేము క్యాంపులంటాము. ఆ క్యాంపులో ఒక పెద్దావిడ మధ్యాహ్నాలు పేపరు చదువుతూ కూర్చునేది. ఆమె దగ్గర నేర్చుకున్నాను. అందుకని ఏ కాగితమైనా నాకు నిదానమే. ఒక్కొక్క ప్రశ్నా కూడబలుక్కుంటూ చదివాను. తొమ్మిదో ప్రశ్న, "మీది రక్తసంబంధీకుల మధ్య జరిగిన వివాహమా?" అక్షరాలన్నీ వచ్చాయి. మాట అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను. తప్పులేమీ లేవని కాగితం తిరిగి ఇచ్చేశాను.

మొదట కెంచనగుడ్డకు పోయాము. అక్కడ మా దూరపు చుట్టాలున్నారు, పరాయి పిల్లనుకుని వాకిట్లో నిలబెట్టి పంపకుండా నేను వెంట పోయాను. ఏటి నుంచి బట్టలు ఉతుక్కుని వచ్చిన ఆడవాళ్లు అరుగు మీద చేరారు. పేరు, వయసు, పిల్లలు, అన్నీ బాగానే చెప్పారు. తొమ్మిదో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఒకామె ముఖం మాడ్చుకుంది.

"ఛీ! ఏం మాటమ్మా అది? మాది మర్యాదస్తుల కొంప."

ఇంకొకామె, "అట్లాంటివి సిటీలో జరుగుతాయేమో, ఈడ జరగవు. రాసుకో," అని గట్టిగా చెప్పింది.

రెండు రోజులు తిరిగాము. ఒక్క ఇంట్లో కూడా ఔనన్నవాళ్లు లేరు. తిరిగి వస్తూ బస్సు కోసం కాలువ మోరీ మీద కూర్చున్నప్పుడు నా కూతురు కాగితాలు ఒళ్లో పెట్టుకుని తల పట్టుకుంది.

"మా సారు నమ్మడమ్మా. ఇంట్లో కూర్చొని నేనే రాసుకొచ్చినానంటాడు. ఒక్కరన్నా ఔననల్యా."

"ఎందుకంటారే? రక్తసంబంధమంటే చిన్నాయన కొడుకు, పెద్దమ్మ కొడుకు. అన్నదమ్ముల లెక్క. వాళ్లను చేసుకుంటే మనుషులేనా?"

"మరి మేనమామ?"

"మేనమామ రక్తమెట్లయితాడు? ఆయన వరస కదా."

ఆమె తల మీంచి చేయి తీసి నా వైపు తిరిగింది. "మళ్ల చెప్పమ్మా," అంది. మళ్లీ చెప్పాను. చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాను. చేసుకోగలిగిన వాళ్లు వరస, చేసుకోకూడని వాళ్లు రక్తం, ఇందులో తెలియనిదేముంది అన్నాను. ఆమె కాగితం వెనక్కి తిప్పి ఆ మాటలు అట్లాగే రాసుకుంది.

మరుసటి రోజు తొమ్మిదో ప్రశ్నను కొట్టేసి, "పెండ్లికి ముందు నీ మొగుడు నీకు ఏమయ్యేటోడు?" అని అడగడం మొదలుపెట్టింది. అవే అరుగులు, అవే ఆడవాళ్లు. ఒక ముసలామె బోసినోటితో పకపకా నవ్వింది.

"ఏమయ్యేటోడు? మామయ్యేటోడు. నన్ను సంకనేసుకొని తిరిగినోడే. నా చీమిడి తుడిచినోడే. ఇప్పుడు వాని చీమిడి నేను తుడుస్తాండా."

"మాది అత్త కొడుకు," అని పక్కనామె అందుకుంది. "అప్పుడు బావా అంటే పరిగెత్తి వచ్చేటోడు. ఇప్పుడు చెవిలో అరిచినా పలకడు."

అరుగంతా నవ్వులు. నా కూతురి పెన్ను ఆగలేదు. తర్వాతి ప్రశ్న, పోయిన పిల్లలెవరైనా ఉన్నారా అన్నది. అది అడిగేసరికి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముసలామె మూడు వేళ్లు చూపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక నా కూతురు ఇంకొక కాగితం తీసి, "నీది కూడా రాద్దాం," అంది.

మేము పోయిన పిల్లలను లెక్కలో చెప్పము. ఎంతమంది అని ఎవరైనా అడిగితే ఒక్కతే అంటాను. తనకు ముందు ఇద్దరు పోయారని ఆమెకు తెలుసు, కానీ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను. నాకు పదహారో ఏట మా అమ్మ తమ్ముడితో పెళ్లి చేశారు. మామా అని పిలిచేదాన్ని. పెళ్లయ్యాక ఆ పిలుపు పోయింది, ఇంకొకటి రాలేదు. మా అవ్వే నాకు అత్త అయింది. మొదట కొడుకు. కళ్లు ఎంత చురుకంటే, పిల్లి గోడ దూకినా చూసి నవ్వేవాడు. కానీ ఐదో నెలకూ మెడ నిలపలేదు. కాళ్లు పిండిన బట్టల్లా పడి ఉండేవి. తర్వాత పాలు మింగడానికి ఆయాసపడ్డాడు. ఏడాది నిండలేదు. రెండేళ్ల తర్వాత ఆడపిల్ల. అదీ అంతే. అవే కళ్లు, అదే మెడ. ఆ తర్వాత చాలాకాలానికి ఈమె పుట్టింది. మెడ నిలిపే దాకా నేను ఈమెకు పేరు పెట్టనివ్వలేదు.

"ఎందుకట్లయిందని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పకేం? గ్రహణంలో నేను మామిడికాయ కోసినానని చెప్పినారు."

అది నిజమే. మొదటి బిడ్డ కడుపులో ఉండగా గ్రహణం పట్టింది. ఆకలికి ఆగలేక తలుపు మూసుకుని కాయ కోసుకున్నాను. అవ్వ చూసింది. కొడుకు పోయాక ఆ మాట ఇంటింటికీ పాకింది. రెండో బిడ్డప్పుడు గ్రహణమే రాలేదు. అయినా ఆ దోషం కడుపులోనే ఉండిపోయిందన్నారు. నా మొగుడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పోయేదాకా కూడా అనలేదు. అనకపోవడం అంటే నమ్మడమేనని నాకు అనిపించేది.

"ఆసుపత్రికి తీసుకుపోలేదా?"

"బళ్లారికి తీసుకుపోయినాం. మొదటోన్ని."

"డాక్టరు ఏం అడిగినాడు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన నీళ్ల కోసం బయటికి పోయాడు. పిల్లవాడు నా ఒళ్లో ఉన్నాడు. డాక్టరు వాడి కాళ్లు వంచి చూసి, మోకాళ్ల మీద తట్టి చూసి, కన్నడంలో అడిగాడు. "రక్తసంబంధదల్లి మదువె ఆగిదీరా?" రక్తసంబంధంలో పెళ్లి చేసుకున్నారా అని. నాకు ఒళ్లు మండిపోయింది. చావుబతుకుల్లో ఉన్న బిడ్డను పెట్టుకుని ఇదేం ప్రశ్న అనుకున్నాను. "ఇల్ల సార్," అన్నాను. మేము అట్లాంటివాళ్లం కామని కూడా అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. వీడి సంగతి కష్టమన్నాడు. తర్వాతి బిడ్డకు భయం లేదు, ధైర్యంగా ఉండమన్నాడు.

ఆ ధైర్యంతోనే రెండో బిడ్డను కన్నాను.

ఇదంతా నా కూతురికి చెప్పానో, సగం చెప్పి ఆగిపోయానో నాకు సరిగా గుర్తులేదు. ఆమె పెన్ను మూత పెట్టడం మాత్రం గుర్తుంది. లేచి పోయి పొయ్యి మీది పాలు దించింది.

యూనివర్సిటీకి తిరిగి పోతూ నన్ను వెంట తీసుకుపోయి, తమ ఆసుపత్రిలో నా రక్తం ఇప్పించింది. నెల దాటాక కాగితం వచ్చింది. ఫోనులో కాదని, శనివారం బస్సెక్కి వచ్చి చెప్పింది. వెన్నులోని నరాలకు సంబంధించిన జబ్బు అది. ప్రతి మనిషిలో ఆ రాత రెండు ప్రతులుంటాయట. నాలో ఒకటి బాగుంది, ఒకటి చెడింది. ఆయనలోనూ అట్లాగే ఉండి ఉండాలి, ఇద్దరికీ ఆ చెడ్డది ఒక్క మూలం నుంచే దిగి ఉంటుంది. ఒకటి చెడితే మనిషికి ఏమీ కాదు. రెండూ చెడ్డవే వచ్చిన బిడ్డ మెడ నిలపదు.

"నీకు?" అన్నాను.

"నాకూ ఒకటి ఉండాది. నాకేం కాదులే. మామకు, చిన్నమ్మకు ఉండొచ్చు, లేకపోవచ్చు. వాళ్ల పిల్లలకు కూడా అంతే. పెండ్లికి ముందు ఆ ఇద్దరూ ఇంత రక్తమిస్తే చాలమ్మా. ఒకరికి లేదని తేలినా భయం లేదు. ఇద్దరికీ ఉంటే, బిడ్డ కడుపులో ఉండంగనే చూసుకునే దారి ఉండాది. పెండ్లి వద్దనేది లేదు."

ఆ మాట ఆమే తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. అతను మరునాడు ఆదివారం అందరినీ తన ఇంటికి రమ్మన్నాడు.

ఆ సాయంత్రమే చెల్లెలు నా దగ్గరికొచ్చింది. పెరట్లో అంట్లు తోముతున్నాను. తానూ గిన్నె తీసుకుని పక్కన కూర్చుని తోమసాగింది. కాసేపటికి నెమ్మదిగా అంది.

"అక్కా, మన రక్తంలో రోగముండాదని ఊర్లో ఒక్కసారి పడితే నా పాపను ఎవరు చేసుకుంటారు? వీళ్లూ చేసుకోరు, బయటోళ్లూ చేసుకోరు."

"పరీక్ష చేయించుకొమ్మనే కదా చెప్తాండేది."

"పరీక్షంటేనే రోగం అంటారక్కా. వదినకు ఇప్పటికే భయం పట్టింది." గిన్నె కడిగి బోర్లించింది. "నువ్వే కదా ఇన్నేండ్లూ గ్రహణమన్నావు? మేమెవరూ నిన్ను అబద్ధమనల్యా. రేపు కూడా ఆ మాటే అను. నీకేం పోతాది?"

పోయేటప్పుడు తడిచేత్తో నా గడ్డం పట్టుకుంది. మా అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే.

ఆదివారం తమ్ముడి ఇంటి నడవలో అందరం కూర్చున్నాము. నా కూతురు కాగితం తీసి, ఎంతో మెత్తగా, ఎవరి మనసూ నొవ్వకుండా చెప్పింది. యూనివర్సిటీలో అట్లా చెప్పడం నేర్పుతారట. తమ్ముడు మధ్యలోనే అడ్డం తగిలాడు.

"అక్క కూతురివని వింటాండా పాపా. నా చెల్లెలి బిడ్డను ఇంటికి తెచ్చుకునేదానికి రక్తం చూసుకోవాల్నా? ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూసినట్ల?"

"అట్ల కాదు మామా..."

"నువ్వు మందియ్యవు, సూదెయ్యవు. పెండ్లిండ్లు చెడగొట్టే చదువా నువ్వు చదివింది?"

తమ్ముడి భార్య తలుపు పక్కన నిలబడి, "అదే నిజమైతే మీ అమ్మకు పుట్టిన నువ్వెట్ల బాగుండావమ్మా?" అంది. నా కూతురు దానికీ ఓపికగా జవాబు చెప్పబోయింది. తమ్ముడు చెయ్యెత్తి ఆపి నా వైపు తిరిగాడు.

"అక్కా, కన్నదానివి నువ్వు. నువ్వు చెప్పు. ఏమయ్యింది నీ పిల్లలకు?"

అందరూ నా వైపు చూశారు. చెల్లెలు మాత్రం నేల చూసింది.

"గ్రహణంలో కాయ కోసినా," అన్నాను. "అదే. దీని చదువుకు అవన్నీ తెలీవు."

చెల్లెలి కోసమే ఆ మాట అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. గ్రహణం తప్పు నాకు అలవాటైన తప్పు, దానితో ముప్పై ఏళ్లు బతికాను. ఆకలేసిన పదహారేళ్ల పిల్ల కాయ కోసుకుంది, అంతే కదా అని అప్పుడప్పుడు నన్ను నేను క్షమించుకునేదాన్ని కూడా. రక్తం అని ఒప్పుకుంటే, డాక్టరు ముందు పొగరుగా నేనన్న ఆ ఒక్క మాటను ఒప్పుకోవాలి. నా ఆడపిల్ల ఆ మాటకు పుట్టి, ఆ మాటకే పోయిందని ఒప్పుకోవాలి. నడవలో అందరి ముందు నాకు అంత చేతకాలేదు.

నా కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నన్ను చూడలేదు. "నీ ఇష్టమమ్మా," అంది. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. పెళ్లికొడుకును విడిగా కలిసి చెప్పి చూసిందని తర్వాత తెలిసింది. "అత్తే చెప్పింది కదా," అన్నాడట వాడు.

పెళ్లి బాగా జరిగింది. నా కూతురు పరీక్షలున్నాయని రాలేదు. చదువు ముగిశాక ఒక పెద్ద ఊళ్లో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. చిన్న గది, మూడు కుర్చీలు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బిడ్డను పోగొట్టుకున్నవాళ్లో, పోగొట్టుకోబోయేవాళ్లో. వారానికొకసారి నాకు ఫోను చేసేది. తిన్నావా, తిన్నాను. వానొచ్చిందా, రాలేదు. అంతకుమించి మాటలుండేవి కావు. తన పని గురించి నాకు చెప్పడం మానేసింది.

పెళ్లయిన ఏడాదిన్నరకు ఆ ఇద్దరికీ మగపిల్లవాడు పుట్టాడు. పురిటికి నేనే దగ్గరున్నాను. బొద్దుగా, ఎర్రగా ఉన్నాడు. మూడో నెల వెళ్లి చూశాను, నాలుగో నెల వెళ్లి చూశాను. చూసిన ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు వెంటనే వచ్చేసేదాన్ని. ఐదో నెల దాటాక తమ్ముడి ఇంటికి వెళ్తే, వాడు మంచం మీద వెల్లకిలా పడుకుని, తిరుగుతున్న ఫ్యానును చూసి నవ్వుతున్నాడు. చాలా చురుకైన కళ్లు. రెండు చేతులూ పట్టుకుని మెల్లగా లేపాను. తల వెనక్కే ఉండిపోయింది.

"సోమరి నా కొడుకు," అని తమ్ముడు నవ్వాడు. "వాళ్ల నాయన కూడా అంతే, అన్నీ ఆలస్యం." అన్నాడు కానీ నా ముఖం చూడలేదు. పొలం దగ్గర పనుందని లేచి వెళ్లిపోయాడు.

బిడ్డ తల్లి, మా చెల్లెలి కూతురు, నా పక్కకు వచ్చి కూర్చుంది. చాలా రోజుల నుంచి అడగాలని దాచుకున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దమ్మా, నాకు కడుపున్నప్పుడు కూడా గ్రహణమొచ్చింది. తలుపులేసుకొని కదలకుండా పండుకొన్నా. నీళ్లు కూడా తాగల్యా. కత్తి ముట్టల్యా. మరి వీడెందుకిట్ల?"

ఇంకొక అబద్ధం నా దగ్గర ఉంది. కొంచెం ఆలస్యమవుతుందిలే, కొందరు పిల్లలంతే అని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేకపోయాను. గ్రహణం కాదన్నాను. నా రక్తంలో ఉన్నది, మీ ఇద్దరిలో ఉండి ఉంటుందన్నాను. ఆ రోజు నడవలో గ్రహణమన్నప్పుడే అది నాకు తెలుసని కూడా చెప్పాను.

"కాగితమొచ్చినాకనే అట్ల చెప్పినావా?"

"ఊ."

"మా అమ్మకు తెల్సా?"

"తెలుసు."

ఆ పిల్ల ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుంది, ఒక అరచేయి మెడ కింద పెట్టి. ఆ చేయి అట్లా పెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. లోపలికి పోయి గడియ వేసుకుంది. నేను బస్సు వేళయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాను. నీళ్లు కావాలా అని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి నా కూతురికి ఫోను చేశాను. చెప్పింది విని, "ఊపిరి ఎట్ల తీస్తాండాడు? పాలు మింగుతాండాడా?" అని ఒక్కొక్కటే అడిగింది. రెండో రోజు ఆమే వచ్చింది. బిడ్డదీ, తల్లిదండ్రులదీ, ముగ్గురి రక్తమూ పంపే ఏర్పాటు చేసింది. తమ్ముడు ఆ చదువు గురించి ఒక్క పరిహాసం కూడా ఆడలేదు. కుర్చీ తెచ్చి వేశాడు. దానికి నాకు మరింత దుఃఖం వచ్చింది.

ఫలితం నేననుకున్నదే. ఇప్పుడు ఆ జబ్బుకు మందు ఉందట. అది మాలాంటివాళ్లకు అందే దారి కోసం నా కూతురు ఎవరెవరికో రాస్తూనే ఉంది. బిడ్డకు ఇప్పుడు ఎనిమిదో నెల. పాలు గొట్టంతో పోస్తున్నారు. చెల్లెలు నాతో మాట్లాడుతుంది, తన కూతురి ముందు మాత్రం మాట్లాడదు.

ఫలితం చెప్పిన రోజు నా కూతురు ఆ దంపతులను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను గుమ్మం పక్కన ఉన్నాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. తన ఆసుపత్రి గదిలో పరాయివాళ్లతో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ, వాళ్లు ఏడిస్తే ఏడవనిస్తూ. మళ్లీ కడుపు వస్తే ఎన్నో వారంలో తన దగ్గరికి రావాలో చెప్పింది. మళ్లీ అనే మాట వినగానే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నా కూతురు ఆమె చేయి పట్టుకుంది.

"ఇది ఎవరి తప్పూ కాదు," అంది. "మీరు చేసింది, చేయనిది, ఏదీ దీనికి కారణం కాదు. ఎవరి తప్పూ కాదు."

రెండోసారి అన్నప్పుడు గొంతు కొంచెం మారిందనిపించింది. ఆ 'ఎవరి' అన్నదాంట్లో నేను ఉన్నానో లేనో తెలియలేదు. ఆ సాయంత్రం ఇద్దరమే ఇంటికి నడిచి వచ్చాము. అడగవచ్చు. కాలువ గట్టు పొడుగునా అడగవచ్చు. నేను అడగలేదు. చెప్పేదే కష్టమని ఒకప్పుడు ఆమె అంది కానీ, ఆ మాట నీకు కాదని ఆమె నోటితో వినేది నాకు ఇంకా కష్టం. ఆమె ముందు నడుస్తోంది. ఫోనులో ఎవరో బిడ్డ గురించి అడుగుతుంటే, అదే మెత్తటి గొంతుతో జవాబు చెబుతోంది.